ఐదు రోజుల షుగర్ ఛాలెంజ్

రాజమండ్రిలో ఉదయ్‌భాస్కర్ ఫోన్లోనే ఉచితంగా ‘ఐదు రోజుల షుగర్ ఛాలెంజ్’ నడుపుతాడు. చేరినవాళ్లు మందులు మానేసి, అతను చెప్పిన కషాయం తాగి, రోజూ గ్రూపులో షుగర్ రీడింగ్ పెట్టాలి. నమ్మకం కుదిరాక ఐదో రోజు లైవ్‌లో తన పొడి అమ్ముతాడు.

ఈసారి కొవ్వూరు నుంచి లలితాంబ అనే టీచరు చేరింది. మొదటి రోజు రెండొందల నలభై అని పెట్టింది. మూడో రోజుకి అది మూడొందల అరవై అయింది.

“భయపడకండమ్మా, లోపలి విషం బయటికి పోతోంది” అని రాశాడతను.

ఐదో రోజు ఐదొందలు దాటింది. అయినా ఆమె ఛాలెంజ్ మానలేదని మెచ్చుకుని, లైవ్‌లో నాలుగొందల మంది ముందు మాట్లాడమన్నాడు.

“మా మీద ఇంత నమ్మకం ఎలా కుదిరిందో చెప్పండమ్మా!”

“నాకసలు షుగరే లేదండి” అంది లలితాంబ.

అతని నవ్వు ఆగిపోయింది.

“నేను పెట్టినవన్నీ కిందటేడు మీ ఛాలెంజ్‌లో మావారు పెట్టిన రీడింగులండి. మీరు కూడా అప్పటి జవాబులే ఇచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి ఇప్పుడే గ్రూపులో అందరికీ పంపాను, చూసుకోండి. ఆరో రోజుది మాత్రం నా దగ్గర లేదండి. ఆ పొద్దున్న ఆయన లేవలేదు.”