ఉప్పు తెలియని నాలుక

"కొంగు తీసి నోరు తెరవండమ్మా."

సిద్దికా కొంగు తీసింది గానీ నోరు తెరవడానికి ఇంకాస్త సమయం పట్టింది. తెరిస్తే మంట. ఆ మంట కన్నా, లోపల ఉన్నది చూసి పళ్ళ డాక్టరు ఏమంటాడోనన్న భయం ఎక్కువగా ఉంది.

డాక్టర్ శశిభూషణ్ లైటు దగ్గరికి లాక్కుని చూశాడు. నాలుక మీద మీగడ కట్టినట్టు తెల్లటి పూత. దూదితో తుడిస్తే కింద ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. చిగుళ్ళలో నెత్తురు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల దాటిందండి. కొత్త పండుమిరపకాయ పచ్చడి తిన్నాను. కారం పడలేదు."

మిరప చేల మధ్య పుట్టి పెరిగిన నాలుకకు ముప్ఫై ఎనిమిదో ఏట కారం పడలేదంటే నమ్మేంత అమాయకుడిలా లేడాయన.

"షుగర్ ఉందా?"

"లేదండి."

"వేరే మందులేమైనా..."

"ఏం లేవండి" అంది, ఆయన అడగడం పూర్తికాకముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని తనకే అనిపించింది.

ఎనిమిదేళ్ళుగా ఆమెకు హెచ్ఐవీ ఉంది. పోతూ పోతూ మొగుడు ఇచ్చిపోయిన ఆస్తి అదొక్కటే. ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే, అద్దంకి దగ్గర ఒక పల్లెబడిలో అరవై మంది పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని ఒక్క పూట కూడా నిలవదు. అందుకే ఒంగోలు దగ్గరైనా, తెలిసిన ముఖాలు తగలకూడదని, నెలనెలా మాత్రలకు గుంటూరు ఆసుపత్రికి వెళ్తుంది. అందుకే నోరు చూపించుకోవడానికి అద్దంకి వదిలేసి చీరాల దాకా వచ్చింది. బయట పేర్లు రాసే పుస్తకంలో ఊరి పేరు కూడా వేటపాలెం అని రాయించింది.

ఇప్పుడు ఆ వంటపనికి నాలుకే ఎసరు పెట్టింది. పిల్లలకు వడ్డించే ముందు వండిన మనిషి రుచి చూడాలి. ఆమె నాలుకకు ఉప్పు తెలియడం మానేసింది. మొన్న సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసింది. పిల్లలు కంచాలు వదిలేసి లేచారు. హెడ్మిస్ట్రెస్ సీతారత్నం వచ్చి, "ఏదీ, నాలుక చూపించు" అని, చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అంటురోగం కాదని డాక్టరు చేత రాయించుకురా సిద్దికా. సోమవారానికి చీటీ తేలేదంటే వేరే మనిషిని పెట్టుకుంటాం. పిల్లల విషయం" అంది.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏమిటో సిద్దికాకు ఆ రోజు తెలిసింది.

"నాకొక చీటీ కావాలండి" అంది డాక్టరుతో. "అంటురోగం కాదని. బడిలో పిల్లలకు వండుతాను, సోమవారానికల్లా తెమ్మన్నారు."

ఆయనిప్పుడు నోరు చూడటం లేదు, ముఖం చూస్తున్నాడు. మాస్కు కళ్ళ కిందికంటా లాక్కున్నాడు. చేతిలోని చిన్న అద్దాన్ని పళ్ళెంలో పెట్టబోతే అది అంచుకు తగిలి టకటకలాడింది.

"శరణ్యా, కాసేపు బయట ఉండమ్మా. తలుపు వేసెయ్" అన్నాడు పక్కనున్న నర్సుతో.

సిద్దికాకు అర్థమైపోయింది. కనిపెట్టేశాడు. తనకెక్కడ అంటుకుంటుందోనని ఆయన చేతులు వణుకుతున్నాయి. గుంటూరులో మాత్రల లైన్లో ఒకామె చెప్పింది, ఎక్కడో తనను ఇలాగే కుర్చీలోంచి లేపి పంపేసి, ఆ కుర్చీని ఫినాయిలుతో కడిగించారట. ఇక్కడా అంతే. లేచి వెళ్ళిపోదామంటే చీటీ లేదు.

ఆయన గొంతు తగ్గించాడు. "మీరు నెలనెలా గుంటూరు వెళ్తుంటారు కదా?"

"ఎవరు చెప్పారండీ?"

"కూర్చోండి. మాత్రలు ఎప్పుడు మానేశారు?"

ఇక దాచి లాభం లేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

"మూడు నెలలైందండి. కావాలని మానలా. ఆ రోజు లైన్లో హెల్మెట్ పెట్టుకున్నాయన ఒకడు నన్నే చూస్తా ఉన్నాడు. లోపలికొచ్చినా అది తియ్యలా. మా బడి కమిటీ ఆయనేనేమోనని భయమేసింది. మందులు తీసుకోకుండానే బస్సెక్కేశా. మళ్ళీ పోదామంటే కాళ్ళు రాలేదు. ఆయనే మీకు చెప్పుంటాడు. అవునా?"

డాక్టరు కాగితం తీసుకుని రాశాడు. రాసింది చదివి వినిపించాడు. నాలుక పూత మందుతో తగ్గుతుంది, వంట వల్ల ఎవరికీ అంటదు, పని చేసుకోవచ్చు.

"జబ్బు పేరు రాయలేదు. రాయక్కర్లేదు కూడా. ఈ చుక్కల మందు రెండు వారాలు నాలుకకు పట్టించండి. కానీ మీకు అసలు మందు ఇది కాదు. సోమవారం చీటీ ఇచ్చెయ్యండి, మంగళవారం గుంటూరు బస్సెక్కండి. ఆ మాత్రలు వేసుకోకపోతే ఇది తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. అప్పుడు నోటితో ఆగదు."

సిద్దికా చీటీని రెండు చేతులతో పట్టుకుంది. భయం మాత్రం అలాగే ఉంది.

"ఆ హెల్మెట్ ఆయన మళ్ళీ అక్కడుంటేనో?"

"ఉన్నా వెళ్ళండి."

"ఊళ్ళో చెప్తే నా బతుకేం కావాలండి?"

"చెప్పడు."

"అంత గట్టిగా ఎట్టా అంటారు?"

శశిభూషణ్ తలుపు వేసి ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాడు.

"మిమ్మల్ని చూసి భయపడే ఆ రోజు నేను హెల్మెట్ తియ్యలేదమ్మా."