నాలుగో గుమ్మం

కారు మాట్లాడుకుని కొండ ఊళ్లు చూడ్డానికొచ్చిన టీచరమ్మకి, మూడో ఊళ్లో ఇంటి గుమ్మంలోనూ ఆ ముందు రెండూళ్లలో కనిపించిన ముసలమ్మే ఎదురై, మళ్లీ "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. ఈసారి ఆయాసపడుతోంది.

"పొద్దుట్నుంచీ మీరేగా, బామ్మగారూ?"

డ్రైవరు మధ్యలో కలగజేసుకున్నాడు. "మా అత్తగారండీ. మూడూళ్లకీ మిగిలింది ఈవిడొక్కతే. కారు మలుపులు తిరిగొచ్చేలోపు అడ్డదారిన దిగొచ్చేస్తుంది."

"ఇదేం మోసమయ్యా!"

"ఖాళీ ఊళ్లు చూడ్డానికి ఎవరొస్తారమ్మా?" అంది ముసలమ్మ, మోకాళ్లు నొక్కుకుంటూ. "ఇంక మీరు చూడాల్సింది వైన్ చేసే చోటొక్కటే."

టీచరమ్మ విసురుగా కారు తలుపు తీసింది. "ముందు ఎక్కండి!"

ద్రాక్షతోట మలుపులో ముసలమ్మ కారాపించింది. "మీరు నెమ్మదిగా రండి," అంటూ చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తింది.

వాళ్లు వెళ్లేసరికి వైన్ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. "రండి, రండి! ఏ ఊరమ్మా మీది?"

టీచరమ్మ నాలుగోసారి తన ఊరి పేరు చెప్పింది, కొత్తగా కలిసినట్టు నవ్వుతూ.