ఆదర్శ సందర్శకుడు

స్తమాతియా మొగుడికి మాస్కు తొడగడం కన్నా మేకకు లాగు తొడగడం సులువు.

"ఊపిరాడదు, చెవులు లాగేస్తాయి. పైగా ఉమ్మడానికి అడ్డం" అంటాడు ఆర్గిరిస్.

ఆ చివరిదే అసలు బాధ. ఎవరు దేన్ని మెచ్చుకున్నా దిష్టి తగలకుండా మూడుసార్లు ఉత్తుత్తిగా ఉమ్మడం గ్రీకుల అలవాటు. మహమ్మారి వచ్చాక ఊరంతా మానుకుంది. ఆర్గిరిస్ మాత్రం మానలేదు. మనవరాలు ముద్దుగా ఉందంటే పిల్ల మీద, వంకాయ కూర బాగా కుదిరిందంటే కూర మీద.

ఇవాళ పొద్దున కూడా తలుపుకు తగిలించిన మాస్కును అక్కడే వదిలేసి, చేపలకని వెళ్లిపోయాడు.

ఇవాళ బుధవారం, స్తమాతియాకు సెలవు. కానీ ఆర్గిరిస్ వెళ్లాక, తోటి ఉద్యోగి ఫొతినికి జ్వరం రావడంతో సముద్రపు గుహ దగ్గర గేటు డ్యూటీ ఈమె మీద పడింది. లోపల మాస్కు లేని మొహం ఒక్కటి కనిపించినా గుహ మళ్లీ మూసేస్తామన్నారు పైవాళ్లు. ఇంట్లోకి వచ్చే జీతం ఆమెదొక్కటే.

అందుకే నెత్తిన టోపీ, మూతికి మాస్కు, మొహం ముందు ఆవిరి పట్టిన ప్లాస్టిక్ తెరతో నిలబడింది. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు.

"ముందు మీ గబ్బిలాలకు తొడగండమ్మా, రోగం వాటిదేగా!" అన్నాడు క్యూలో ఒక గడ్డపాయన.

"అవి టికెట్టు కొనలేదు బాబాయ్. నువ్వు కొన్నావు, తొడుక్కో."

ఆయన వెనక ఒక జంట. స్తమాతియా గొంతు వినగానే మగమనిషి ఉన్న మాస్కునే నల్లకళ్లద్దాల దాకా లాక్కున్నాడు. గజం దూరం వెనక్కి జరిగాడు. చెయ్యి చాపమంటే చాపాడు. శానిటైజరు రెండుసార్లు రుద్దుకున్నాడు. పల్లెత్తు మాట లేదు.

స్తమాతియా ప్రాణం లేచొచ్చింది.

"చూడండయ్యా! మనిషంటే ఇలా ఉండాలి. మా ఇంట్లోనూ ఉన్నాడు ఒకడు, దేనికీ పనికిరాడు. బాబూ, ఒక్క ఫోటో తీసి గేటుకు అంటిస్తాను."

అతను కంగారుగా తల అడ్డంగా ఊపాడు.

"సిగ్గరి కూడానూ!" స్తమాతియా అతని పక్కనున్న ఎర్ర స్కార్ఫు అమ్మాయి వైపు తిరిగింది. "ఏం తల్లీ, అదృష్టమంటే నీదే. మాస్కులోనే ఇంత అందంగా ఉన్నావు, అది తీస్తే ఇంకెలా ఉంటావో!"

ఆ మనిషి చెయ్యి దానంతటదే లేచింది. మాస్కును గడ్డం కిందికి లాగింది.

"ఫ్తు, ఫ్తు, ఫ్తు."

స్తమాతియా తన మొహం ముందున్న తెరను మెల్లగా పైకెత్తింది.

"నాదే తప్పు ఆర్గిరిస్, నీకు మాస్కు పెట్టుకోవడం చేతకాదని ఊరందరికీ చెప్పాను."