మూగ టీవీ

"నువ్వు అరిచి గీపెట్టినా సరే వెనెతా, ఆ సూది నా ఒంట్లో దిగదు!" గెంచో గ్లాసును బల్లమీద ఠక్కున పెట్టాడు.

కూతురు వెనెత నర్సు. టీకాల పెట్టె భుజాన వేసుకుని నేరుగా కాఫీ కొట్టుకే వచ్చింది. ఊళ్లో మాయదారి దగ్గు మొదలైంది. తండ్రి ఊపిరితిత్తులు గని దుమ్ముతో ఎప్పుడో సగం పాడయ్యాయి. అది తగిలితే ఆయన తట్టుకోలేడని ఆమెకు తెలుసు.

"ఇంకో గుక్క పొయ్యనా అన్నా?" కొట్టు నడిపే మింకా అడిగింది.

గెంచో తల అడ్డంగా ఊపాడు. మింకా సారా పోసింది. ఈ బాల్కన్ కొండల్లో అడ్డంగా ఊపితే ఔను, నిలువుగా ఊపితే కాదు. ఊయల్లో ఉన్నప్పటినుంచీ అబ్బిన అలవాటు.

"సారాకి ఔను, టీకాకి కాదా?" వెనెతకు ఒళ్లు మండింది. "ప్రభుత్వం ఊరికే వేస్తోంది కదా నాన్నా!"

"ప్రభుత్వమా! అణుకేంద్రం పేలిన ఏడు రేడియోలో ఏమన్నారే? వానలో ఏమీ లేదు, ఆకుకూరలు శుభ్రంగా తినండి అన్నారు. మీ అమ్మ తింది."

మూలన టీవీలో బొమ్మలు ఆడుతున్నాయి, చప్పుడు లేకుండా. మంత్రుల గొంతు వింటే పాలు విరిగిపోతాయంటూ మింకా ఎప్పుడో దాని నోరు నొక్కేసింది.

గెంచో గొంతు తగ్గించాడు. "నేనేం మొండికెయ్యట్లేదే. నీ మొహం చూసి వేయించుకుందామనే అనుకున్నా. కానీ వాళ్ల డాక్టరే వద్దన్నాడు. తెల్లకోటు వేసుకుని మరీ. నా కళ్లారా చూశా."

"ఏ డాక్టరూ అలా అనడు. ఫోన్లో వచ్చే చెత్తేదో చూసుంటావు."

"నాకు ఫోనెక్కడిదే పిచ్చిమొహమా? ఇదిగో, ఈ టీవీలోనే. అందరిలోకీ ఆయనొక్కడే నిజం చెప్పాడు. పాపం, ఈపాటికి ఉద్యోగం ఊడబీకే ఉంటారు."

వెనెత బతిమాలింది, ఏడ్చింది, చివరికి పెట్టె మూసుకుని వెళ్లిపోయింది.

మంచు పడకముందే గెంచో పోయాడు. ఆస్పత్రిలో ఆయన గాలికోసం కొట్టుకుంటుంటే చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప ఆ నర్సుకు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఒప్పించలేకపోయానే అన్న బాధ ఆమెను తినేసింది.

నలభయ్యో రోజున, తండ్రి పేరు చెప్పి చక్కెర కలిపిన ఉడుకు గోధుమలు పంచడానికి అదే కొట్టుకు వచ్చింది. సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మూలన టీవీ ఎప్పటిలాగే మూగగా ఆడుతోంది.

"అదిగోనమ్మా," మింకా కళ్లొత్తుకుంది. "మీ నాన్న చెప్పిన డాక్టరు ఆయనే. మేమంతా ఆయన మాటే విన్నాం."

వెనెత తల ఎత్తి చూసింది. తెరమీద 'ఈ టీకా మంచిదేనా?' అని ఇంతింత అక్షరాలు. వెనక తెల్లకోటులో ఎర్రజుట్టు మనిషి, ఏ దేశంవాడో. ఎక్కడో తీసిన ప్రకటన కొనుక్కొచ్చి, రాతా గొంతూ మాత్రం మార్చుకున్నారు మనవాళ్లు. ఆయన చల్లగా నవ్వి, తల నిలువుగా, గట్టిగా ఊపాడు.

గిన్నె బల్లమీద పెట్టి, రిమోట్ అందుకుని చప్పుడు పెంచింది.

"ఔను," అంటోంది టీవీ. "నిర్భయంగా వేయించుకోండి."

గెంచో తన జన్మలో ప్రభుత్వం మాట నమ్మింది ఆ ఒక్కసారే.