రాతి పలుకులు

“వెలుగు, బావా, వెలుగు!” అని బావమరిది కేక వేశాడు.

పళ్ల డాక్టరు చెవికి అందులో ‘వ’ అందలేదు. “ఎలుగా!” అంటూ ఎగిరి, బావమరిది రెక్క పుచ్చుకుని అడవిలోకి పరుగు లంకించుకున్నాడు.

ఆదిమానవుల్లా బతకడం నేర్పే క్యాంపు అది. ఫోన్లూ కత్తులూ అప్పగించేసి, రాయితో రాయిని చెక్కి ఎవరి చాకు వాళ్లే చేసుకోవాలి. పొద్దున్నే పొగమంచులో చెకుముకి రాళ్లు ఏరుకోవడానికి అందరూ తలో దిక్కుకీ వెళ్లారు. మంచు చాటునుంచి సూర్యుడు కాస్త తొంగిచూశాడని బావమరిది సంబరపడ్డాడు. ఆ సంబరానికి ఫలితంగా ఇద్దరూ గుట్ట అవతల, దారీ తెన్నూ లేనిచోట బొక్కబోర్లా పడ్డారు. సూర్యుడు మళ్లీ మంచు దుప్పటి ముసుగు తన్నేశాడు.

“ఎలుగేది బావా?”

“నువ్వేగదరా అన్నావు!”

“నేనన్నది వెలుగు. ఎండొచ్చిందన్నాను.”

“ఆ ‘వె’ కాస్త ఒత్తి అనడానికి నీ సొమ్మేం పోయింది?”

బావమరిది చెయ్యి చాపాడు. నిన్నంతా చెమటోడ్చి చెక్కుకున్న రాతి చాకు, నిన్న పుల్లనైనా కోయనన్న చాకు, పడ్డప్పుడు అరచేతిలోకి దిగబడింది. ఎర్రగా కారుతోంది.

అతను వాచీల మెకానిక్కు. ఆ వేళ్లమీదే ఇల్లు గడుస్తుంది. డాక్టరు జేబురుమాలు బిగించి కట్టాడు. రుమాలు కాస్సేపట్లోనే తడిసి ముద్దయింది. మందుల పెట్టె క్యాంపు నడిపే మాస్టారి దగ్గరుంది. మాస్టారెక్కడున్నాడో మంచుకే ఎరుక.

“అరుద్దామా బావా?”

“నోర్ముయ్. మాస్టారేం చెప్పాడు? ఎలుగెత్తి అరిస్తే ఎలుగులొస్తాయన్నాడు. తప్పిపోయినవాళ్లు కదలకుండా కూర్చుని, రాయిమీద రాయి మూడుసార్లు కొట్టాలి. విన్నవాళ్లు తిరిగి మూడు కొట్టి, వెతుక్కుంటూ వస్తారు.”

డాక్టరు రెండు రాళ్లు అందుకున్నాడు. టక్. టక్. టక్.

మంచులోంచి జవాబు వచ్చింది. టక్. టక్. టక్.

“బతికాంరా!” అని డాక్టరు బావమరిది వీపు చరిచాడు. ఇద్దరూ ఎదురు చూశారు. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ పలికింది. ఆకు కదల్లేదు, అడుగు వినపడలేదు.

“కొండ పలుకుతోందేమో బావా.”

డాక్టరు ఈసారి అయిదు కొట్టాడు. అటునుంచి మూడే వచ్చాయి.

“కొండకి లెక్కలు రావా?” అన్నాడు బావమరిది. నవ్వబోయాడు గాని నవ్వు పెదవి దాటలేదు.

డాక్టరు రాళ్లు కిందపెట్టేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు, వీళ్లు వేలైనా కదపకుండానే, దానంతటదే పలికింది.

టక్. టక్. టక్.

“మనుషులైతే ఈపాటికి రారూ?” అన్నాడు బావమరిది. “పిలుస్తోంది బావా. మనల్నే రమ్మంటోంది. ఇదిగో, దగ్గర్లో ఇంకో చప్పుడు. టకటకా, టకటకా...”

“అవి నా పళ్లురా.”

ఊరందరి పళ్లనూ వరసలో పెట్టిన డాక్టరుకి తన పళ్లు మాట వినడంలేదు. బావమరిది తెల్లబడిపోతున్నాడు.

“బావా, చిటికెనవేలికి స్పర్శ తెలియట్లేదు. నెలల పసిపిల్ల ఉంది నాకు. ఈ చేత్తో రేపు వాచీలో స్ప్రింగెలా పట్టుకోను?”

దానితో డాక్టరుకి హాస్యాలన్నీ ఆరిపోయాయి. కూర్చుంటే నెత్తురు పోతుంది, లేస్తే ప్రాణం పోవచ్చు. కాళ్లు రాళ్లయ్యాయి గాని, గుండెనూ రాయి చేసుకున్నాడు. బావమరిదిని భుజాన వేసుకుని, రెండో చేత్తో ఓ బండరాయి పట్టుకుని, చప్పుడు వచ్చిన దిక్కుకే నడిచాడు. మాస్టారి నియమం మంచులో కలిసిపోయింది.

ముళ్లు గీరుకుపోతున్నాయి. చప్పుడు దగ్గరవుతోంది. టక్. టక్. ఇంకో పొద దాటేసరికి మూడోది వినపడకుండా ఆగిపోయింది.

ఎదురుగా నల్లగా, మూపురంలా, మనిషికి రెండింతలు వెడల్పున ఏదో నక్కి ఉంది. గుర్రుమంటూ ఊపిరి తీస్తోంది. కదిలింది.

“బావా, ఈసారి మాత్రం ‘వ’ లేదు,” అని బావమరిది గొణిగాడు.

డాక్టరు కళ్లు మూసుకుని బండరాయి ఎత్తాడు.

“కొట్టకండి బాబోయ్!” అంది మూపురం.

నల్ల దుప్పటి తొలగింది. దానికింద ఒకరినొకరు కరుచుకుని మాస్టారు, వంటమనిషి, క్యాంపులో మిగిలినవాళ్లందరూ! మాస్టారి ఒళ్లో మందుల పెట్టె ఉంది. డాక్టరు అది లాక్కుని, గాయం కడిగి, దూది అదిమి కట్టు కట్టాడు. నెత్తురు ఆగింది. చిటికెనవేలు మెల్లగా కదిలింది. అప్పుడు అందరిమీదా విరుచుకుపడ్డాడు.

“కొడితే పలుకుతారు, పలికి రారు! మీరసలు మనుషులేనా?”

“మీరు కనబడట్లేదని వెతకడానికే బయల్దేరాం సార్,” అంది వంటమనిషి, మాస్టారివైపు కొరకొర చూస్తూ.

మాస్టారు కళ్లు తుడుచుకుంటూ డాక్టరు రెండు చేతులూ పట్టుకున్నాడు. “తప్పిపోయినవాళ్లు కదలకూడదు కదండీ, అందుకే అప్పట్నించీ మేమూ ఇక్కడే కూర్చుని మూడేసి కొడుతున్నాం. దేవుడిలా వచ్చారు, పదండి... ఇంతకీ క్యాంపు ఎటు?”