అరగంట దాటిన మాట

మా ఆరోగ్య ఉపకేంద్రంలో కంప్యూటర్ మహా మొండిది. రాష్ట్రంలో సర్కారు కంప్యూటర్లన్నిటికీ ఒకటే జాబితా. ప్రతి అరగంటకీ సరిచూసుకుని, అందులో లేని ప్రోగ్రామ్‌ని పీకి పారేస్తాయి. నర్సునైన నాకేమో ఊరివాళ్ల కోయ భాష రాదు. ఊళ్లో టీచరమ్మ కోయ మాట్లాడి, నాకు తెలుగులో చెప్పే ప్రోగ్రామ్ చేసిచ్చింది. రోజూ పెన్‌డ్రైవ్‌తో ఎక్కిస్తాను. ఎక్కడానికే ఇరవై నిమిషాలు! మిగిలిన పది నిమిషాల్లో, కోయ తప్ప రాని లచ్చమ్మవ్వ గుండెనొప్పి సంగతి ఏనాడూ సగం దాటలేదు. ఆ ప్రోగ్రామ్‌ని జాబితాలో చేర్చమని రెండేళ్లలో డెబ్బై అర్జీలు పెట్టాను. నేనూ మొండిదాన్నే.

ఈ పొద్దున పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద "ఇది ముందే ఉంది" అని వచ్చింది. అప్పుడే చర్ల నుంచి నర్సు జయంతి ఫోన్ చేసింది.

"కైరున్ అక్కా, మా కంప్యూటర్లో కోయ వచ్చేసింది! బస్టాండులో కూడా మాట్లాడుతోందట!"

జాబితాలో చేరిపోయిందన్నమాట! ఎగిరి గంతేసినంత పనిచేశాను. లచ్చమ్మవ్వని కూర్చోబెట్టాను. కంప్యూటర్ కోయలో పలకరించింది, అవ్వ మొదలుపెట్టింది. అరగంట కాగానే అలవాటుకొద్దీ ఇద్దరం గడియారం వైపు చూశాం. గొంతు ఆగలేదు! అవ్వ దానికేదో చెప్పింది. అది నాకు తెలుగులో చెప్పింది:

"సిస్టర్, అవ్వ మిమ్మల్ని కాస్త బయట కూర్చోమంటోంది. ఇక తొందర లేదు కదా, మళ్లీ మొదట్నుంచీ నాకే చెబుతుందట."