స్కేలు లేని పెట్టె

బీకాం అయ్యాక నాన్నని శవపెట్టెల పని నేర్పమన్నాను. ఆయన వద్దని నా స్కేలు దాచేశాడు. నేను మహా వినయంగా ఉత్త చేత్తోనే బొమ్మలు గీయడం మొదలెట్టాను. వారం గీతలు, వారం పూలదండల కోసం దీర్ఘవృత్తాలు, ఆ తర్వాత అన్నీ పెట్టెలే.

“ఒసే రూబీ, ఆడపిల్ల శవపెట్టెలు సేస్తే సంఘంలో ఏటనుకుంటారు? నా తరవాత కొట్టుకి తాళమే.”

“అలాగే నాన్నా. మరి నీ పెట్టె ఎవులు సేస్తారు?”

నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నేను కాగితం మీద ఒక పెట్టె గీసి, మూత మీద ‘సీమోను మేస్త్రి, ఆరడుగులు’ అని రాసి, ఆయన పనిబల్ల మీద పెట్టాను.

పొద్దున్న చూస్తే ‘ఆరడుగులు’ కొట్టేసి ఉంది. కింద నాన్న రాత: “నాది ఆరడుగుల రెండంగుళాలు. బుజాల కాడ వెడల్పు సాలదు. కొట్టుకొచ్చి కొలుసుకో.”

పక్కన నా స్కేలు పెట్టాడు. ఇప్పుడు దాంతో నాకేటి పని?